జూన్ ముప్పై ఒకటి

పొద్దున పళ్లు తోముకుంటూ ఉండగా ఫాతిమా ఫోన్ చేసింది.

"సార్ పోయినాడే," అంది.

నోట్లో నురగతోనే "ఎప్పుడు?" అన్నాను.

"ముప్పై ఒకటో తారీఖు రాత్రి. నిద్దర్లోనే."

జూలై నెల మొదలై ఇంకా వారం కాలేదు. నేను నోరు పుక్కిలించి, గోడ పట్టుకుని నిలబడి, ఏడుపు రావలసిన చోట "జూన్‌కు ముప్పై ఒకటి లేదు కదే" అన్నాను.

"అయితే ముప్పై అనుకో. వాళ్ల అల్లుడు డెత్ సర్టిఫికెట్టుకు రేపు మున్సిపాలిటీ ఆఫీసుకు పోతాండాడు. కాయితం నన్నే రాసిమ్మన్నాడు. ముప్పై అనే రాస్తాలే."

"సరే," అన్నాను.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు చిరాగ్గా ఉంది. ఎవరి మీదో మొదట తెలియలేదు. తర్వాత అర్థమైంది, ఆయన మీదే. బతికున్నన్నాళ్లూ ఒక తప్పు తేదీని గడప దాటనివ్వని మనిషి, పోతూ పోతూ అలాంటి తేదీ మీదే పోవాలా? ఆయన పద్ధతే అంత. ఎవరినీ ఏ పనీ సుఖంగా పూర్తి చేసుకోనివ్వరు. చివరికి తనకోసం ఏడవడం కూడా.

అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర ఒక సందులో, మందుల షాపు పైన మా కంప్యూటర్ సెంటరు ఉండేది. కొత్త శతాబ్దం మొదలైన రోజులు. జావా నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందని ఊరంతా అనుకునే కాలం. డిగ్రీ అయిపోగానే ఫాతిమా, నేను అక్కడ చేరాం. పిల్లలకు పాఠాలు చెప్పడం, మధ్యలో ఎవరైనా అడిగితే చిన్న చిన్న ప్రోగ్రాములు రాసివ్వడం మా పని. మా ఇద్దరి మీదా ఆయన. ఆయనకు పైన ఓనరు ఉన్నాడు కానీ, ఆయనతో మాట్లాడటం మొదలుపెడితే సాయంత్రమైపోతుందని ఓనరు పైకి వచ్చేవాడే కాదు.

సార్ మన పక్కన కూర్చునేవారు కాదు. వెనకాల నిలబడేవారు. జేబు నిండా వేయించిన వేరుశనగకాయలు. వీపు వెనక పటక్‌మని కాయ పగిలిన చప్పుడైతే ఆయన వచ్చినట్టు లెక్క. పొట్టు కీబోర్డులో పడేది. తర్వాత ఒక చెయ్యి నా భుజం మీదుగా వచ్చి, కిందికి దిగే బాణం మీటను నొక్కిపట్టేది. తెర మీద నేను రాసిన కోడ్ గబగబా పైకి పరుగెత్తేది. ఆయన పప్పులు నములుతూ చూసేవారు.

"ఇంకా ఉండాదా?"

నేను తల ఊపేదాన్ని. మళ్లీ మీట నొక్కేవారు.

"ఇంకా ఉండాదామ్మా?"

ఈ ఒక్క ప్రశ్నను నేను రెండేళ్లపాటు రోజూ విన్నాను. కలలో కూడా విన్నాను. ఒకసారి మా అమ్మ అన్నం వడ్డిస్తూ "ఇంకా ఉంది, వేసుకో" అంటే ఉలిక్కిపడ్డాను.

కోడ్ ఎంత పొట్టిగా ఉండాలనేవారో, ఆయన మాట అంత పొడుగు. ఒక వాక్యం తీసేయమని చెప్పడానికి వాళ్ల అవ్వ కాలం నుంచి మొదలుపెట్టేవారు. కరెంటు పోతే ఇక మా గతి అంతే. ఫాతిమా యూపీఎస్ కూత విని "అయిపాయ, ఇంక సారు ఆన్ అయితాడు" అని గొణిగేది. ఆయనే ఒకసారి నాతో అన్నారు: "నువ్వు మాట్లాడేది తక్కువ, రాసేది ఎక్కువ. నాది ఉల్టా." అది నిజం కావడం వల్ల నాకు ఇంకా ఒళ్లు మండింది. నేను మాట్లాడనిదంతా డైరీలో రాసుకునేదాన్ని, ఆ సంగతి ఆయనకు తెలియదు. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న నవలను కీబోర్డు కింద దాచుకుని చదువుతుంటే పట్టుకున్నారు. కోప్పడతారనుకున్నాను. పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, బరువు చూసి, "దీంట్లో ఎన్ని పేజీలు తీసేయొచ్చు?" అని అడిగారు. అవమానంతో నాకు చెవులు వేడెక్కాయి. తమాషా ఏమిటంటే అది ఎగతాళి కాదు. నిజంగానే తెలుసుకోవాలనుకున్నారు.

ఇంకొక సంగతి. తేదీల గురించి ఇంత పట్టుదల ఉన్న ఆ మనిషికి ఏ రోజూ ఆ రోజు తేదీ తెలిసేది కాదు. గోడకు రోజుకొక కాగితం చింపే క్యాలెండర్ ఉండేది. పొట్టు చుట్టడానికి ఎప్పుడు కావాలంటే అప్పుడు చింపేవారు కాబట్టి అది లోకం కంటే నాలుగు రోజులు ముందు నడిచేది. లేదా గుర్తు రాక వారం వెనక ఉండేది. పాఠం మొదలుపెట్టేముందు బోర్డు దగ్గర సుద్దముక్క పట్టుకుని "ఈ పొద్దు ఎంత అమ్మా?" అనేవారు. ఫాతిమా కావాలనే తప్పు చెప్పేది. ఆయన నమ్మి రాసేవారు.

*

గార్లదిన్నె వైపు పల్లెల్లో పనిచేసే ఒక రైతు సంఘం మాకు ఒక ప్రోగ్రాము అప్పగించింది. ఏ రైతు ఎప్పుడు సంఘంలో చేరాడు, ఏ ఊళ్లో ఎప్పుడు వాన పడింది, ఎవరు ఎప్పుడు వేరుశనగ విత్తారు, ఇవన్నీ ఎక్కించాలి. మూడు తెరలు, మూడింట్లోనూ తేదీలు. ఎక్కించేవాళ్లు తప్పు తేదీ కొడితే పట్టుకోవాలి. ఆ భాగం నాకిచ్చారు.

నేను మనసు పెట్టి రాశాను. రోజు ముప్పై ఒకటి దాటితే తప్పు. నెల పన్నెండు దాటితే తప్పు. నెల నాలుగో ఆరో తొమ్మిదో పదకొండో అయితే ముప్పై ఒకటి తప్పు. ఫిబ్రవరి అయితే, సంవత్సరం నాలుగుతో తెగితే, వందతో తెగితే, నాలుగు వందలతో తెగితే. ఒక 'అయితే' కడుపులో ఇంకో 'అయితే', దాని కడుపులో ఇంకొకటి. విత్తిన తేదీ తెరకు రాసినదాన్నే వాన తేదీ తెరలోనూ, చేరిన తేదీ తెరలోనూ అతికించి, అక్కడక్కడ మార్చాను. అన్నీ పనిచేశాయి. సంతోషంగా కూర్చుని ఉంటే వీపు వెనక పటక్‌మంది.

చెయ్యి వచ్చింది. మీట నొక్కింది.

"ఇంకా ఉండాదా?"

"ఉంది సార్."

"ఇది కోడా, కంపచెట్టా? చెయ్యి పెడితే గీరుకుంటాది." మళ్లీ నొక్కారు. మూడో తెర దగ్గర ఆగారు. "ఈడ చూడు. సెప్టెంబరుకు ముప్పై ఒకటి ఉండాదే. దేవుడు ఇయ్యని దినం నువ్విచ్చినావు."

నిజమే. మూడోచోట అతికించేటప్పుడు తొమ్మిది ఎగిరిపోయింది.

"సరిచేస్తాను సార్."

"సరిచేసేదానికి గాదమ్మా నేను చెప్పేది," అని కుర్చీ లాక్కున్నారు. కుర్చీ లాక్కున్నారంటే అవ్వ వస్తుంది. వచ్చింది.

"మా అవ్వ శెనక్కాయ ఇత్తనాలు ఎత్తిపెడతా ఉండె. కాయలు వొలిచి, చాటలో పోసుకొని, ముడతలు పడినవి, పుచ్చినవి ఏరేస్తాది. ఏరినంకనే కుండలో పోస్తాది. మూత పెట్టి బూడిదతో మెత్తుతాది. ఇంక ఆ కుండను అనుమానపడేది లేదు. ఇత్తే పొద్దు మా నాయన కుండ దించి గొర్రు దగ్గరికి పోతాడు, అంతే. నువ్వు చేసిందేమి? కుండలో అన్నీ కలిపి పోసినావు. గొర్రు దగ్గర ఒకతూరి ఏరతావు. ఇంటికాడ ఒకతూరి ఏరతావు. దోవలో ఒకతూరి ఏరతావు. ఇట్ల ఏరుకుంటా కూర్చుంటే ఇత్తేదెప్పుడు?"

ఆ తర్వాత అవ్వ చాట, చాట అల్లినవాడు, వాడి ఊరు కూడా వచ్చాయి. అవి వదిలేస్తాను. చివరికి తేలింది ఇది: తేదీకి విడిగా ఒక క్లాసు ఉండాలి. రోజు, నెల, సంవత్సరం ఇస్తే అది తేదీ ఆబ్జెక్టును పుట్టిస్తుంది. అంకెలు తప్పయితే పుట్టించదు. ఏరడం ఆ ఒక్కచోటే. పుట్టిన తేదీని ఆ తర్వాత ఎక్కడా, ఎవరూ ప్రశ్నించనక్కర్లేదు.

"తప్పు తేదీ పుట్టనే కూడదు. పుట్టినంక పట్టుకుంటా అంటే కాదు," అని, నేను చూస్తుండగానే నా కంపచెట్టును పైనుంచి కింది దాకా నీలంగా ఎంపిక చేసి, తీసేశారు. అడగలేదు కూడా.

దాని స్థానంలో ఆయన రాసింది తెరలో సగం కూడా లేదు. క్యాలెండర్ లెక్క జావాకే తెలుసు, మనం నెలలూ లీపు సంవత్సరాలూ మళ్లీ చెప్పనక్కర్లేదు. అంకెలు దానికిస్తే అదే చూసుకుంటుంది.

నేను పెరుగన్నం డబ్బా తీసుకుని మెట్ల మీదికి వెళ్లి కూర్చుని తిన్నాను. ఆ రోజు డైరీలో, "ఈ మనిషికి ఇంకొకరి కష్టం అంటే లెక్క లేదు" అని ఉంది. ఆ వాక్యాన్ని ఇప్పటికీ మార్చను.

మరునాడు మళ్లీ పిలిచారు. "జూన్ ముప్పై ఒకటి కొట్టు."

కొట్టాను. తెర మీద జూలై ఒకటి అని వచ్చింది.

"చూసినావా దీని యవ్వారం? ముప్పై ఒకటి లేదని చెప్పలా. నిన్ను అడగలా. మెల్లగా సర్దేసి కూర్చుంది. జావా పుట్టుకే అంత. మనం వద్దనకపోతే సర్దుతానే ఉంటాది."

నాకు అందులో తప్పేమీ కనిపించలేదు. మర్యాదగానే అనిపించింది. మా ఇంట్లో ఆడవాళ్లమంతా అలాగే కదా, ఎవరైనా తప్పు మాట అంటే పక్కకు జరిపి, సరైన మాటే అన్నట్టు నడిపించేస్తాం. అది చెప్పే ధైర్యం నాకు లేదు. మొహంలో కనిపించిందేమో మరి.

"మొగమాటం మనుషుల కాడ పెట్టుకో. ఈడ వద్దు. ఎవురికీ చెప్పకుండా సర్దేవాడు దొంగ కంటే చెడ్డ," అని, ఆ సర్దుబాటు ఆగిపోయేలా ఒకే ఒక వాక్యం చేర్చారు. అంతటితో తప్పు తేదీ ఇస్తే మా ప్రోగ్రాము 'తేదీ సరిలేదు' అని నిలబెట్టి చెప్పడం మొదలుపెట్టింది.

*

ఆగస్టులో సంఘం నుంచి చెన్నప్పన్న కాగితాల కట్ట పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. ఊళ్లు తిరిగి రైతుల దగ్గర వివరాలు రాసుకొచ్చేది ఆయనే. ఆ ఏడాది జూన్‌లో ఒక వాన కురిసి, తర్వాత ఆకాశం ముఖం చాటేసింది. పైరు ఎండిపోయింది. సంఘం నియమం ఒకటి ఉంది. జూన్‌లో విత్తి పైరు ఎండిపోయినవాళ్లకు మళ్లీ విత్తుకోవడానికి ఉలవలు ఇస్తారు. జూలైలో విత్తినవాళ్లకు ఇవ్వరు, వాళ్ల పైరుకు ఇంకా ఆశ ఉంటుందని. ఎవరికి ఇవ్వాలో మా ప్రోగ్రామే తేల్చి కాగితం మీద అచ్చు వేయాలి.

ఫాతిమా చదువుతుంటే నేను కొడుతున్నాను. ఒక ఊరి దగ్గరికి వచ్చేసరికి తెర మొరాయించింది. తేదీ సరిలేదు. మళ్లీ కొట్టాను. తేదీ సరిలేదు. కాగితం చూస్తే విత్తిన తేదీ జూన్ ముప్పై ఒకటి. కింది పేరుకూ అదే. ఆ కింది పేరుకూ అదే. ఆ ఊళ్లో సగంమంది జూన్ ముప్పై ఒకటిన విత్తారు.

"ఏమ్మా, మిషను లోపలికి పోనీలేదా?" అన్నాడు చెన్నప్పన్న.

"జూన్‌కు ముప్పై రోజులే అన్నా," అన్నాను మెల్లగా.

"రైతు చెప్పినాడు, నేను రాసినా. కాదనేదానికి నీ మిషను ఎవురు? అది యానాడన్నా గొర్రు పట్టిందా?"

ఫాతిమా నవ్వింది. "ముప్పై అని కొట్టేయ్‌వే. ఒక్క దినానికి ఏమి?"

"అదే నేనూ చెప్తాండా. ముప్పై అని కొట్టమ్మా, అయిపోతాది. అందరికీ ఉలవలొస్తాయి."

నాకూ అదే సబబుగా తోచింది. చెయ్యి సున్నా మీదికి వెళ్లింది కూడా. వీపు వెనక పటక్.

"ఏ ముప్పై? ఎవురు చెప్పినారు?"

"ఎవురో ఒకరు చెప్పినట్టేలే అన్నా," అన్నాడు చెన్నప్పన్న. "ఈ కాలం పోతే ఉలవలు చల్లినా మొలవవు. నువ్వు మళ్లా శాస్త్రం మొదలుపెట్టొద్దు."

"శాస్త్రం గాదప్పా. ఇరవై తొమ్మిదిన ఇత్తినారేమో. రెండో తారీఖున ఇత్తినారేమో. నీకు తెలుసునా? నాకు తెలుసునా? పోయి అడిగొద్దాం పా."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. ఏమ్మా, లెయ్."

ఫాతిమాకు క్లాసు ఉంది. నేను దొరికాను.

బస్సులో దారి పొడుగునా సార్ మాట్లాడారు. కండక్టరు టికెట్ ఇచ్చి వెళ్లబోతే చొక్కా పట్టుకుని మరీ మాట్లాడారు. నేను కిటికీలోంచి ఎండిన చేలు చూస్తూ, ఒక్క సున్నా కొట్టి ఉంటే ఈపాటికి ఇంట్లో కాఫీ తాగుతూ ఉండేదాన్ని కదా అనుకున్నాను. రోడ్డు మీద దిగి, ఊళ్లోకి నడిచేసరికి చెప్పుల్లోంచి వేడి తగులుతోంది.

జూన్ ముప్పై ఒకటి జాబితాలో మొదటి పేరు ఓబుళమ్మ. చేలో ఉంది. ఎండిన వేరుశనగ చెట్లు పీకి మేకల కోసం కుప్ప వేస్తోంది. పీకిన చెట్టుకు కాయలేం లేవు, వేళ్లకు తెల్లటి ఊడలు మాత్రం ఉన్నాయి. పక్క చేను తిమ్మప్ప గట్టు మీద బీడీ కాలుస్తున్నాడు. ఆమెకు ఎద్దులు లేవు. విత్తడానికి తిమ్మప్ప ఎద్దులే అడుక్కోవాలి.

"ఏమ్మా, ఇత్తనం ఎప్పుడేసినావు?" అన్నారు సార్.

ఆమె నడుము పట్టుకుని లేచి ఆయన్ను ఎగాదిగా చూసింది. "ఎండినంక వచ్చి ఎప్పుడేసినావు అంటావేమప్పా? నువ్వు ఇత్తేపొద్దు యాడుంటివి?"

"తారీఖు కావల్లమ్మా."

"తారీఖులు నీకు. మాకు వాన. వాన పడినంక ఏసినా."

"వాన పడిన మర్నాడే," అన్నాడు తిమ్మప్ప.

"మర్నాడు నీది ఏసుకుంటివి. నాది మర్నాడా?" ఆమె అటు తిరిగింది. "ఎద్దులు ఇయ్యిరా తిమ్మన్నా అంటే, నాది కానీ అంటివి. మీ తమ్మునిది కానీ అంటివి. నేల పదును ఆరిపోతాండాదిరా అని నీ గొర్రు ఎనక తిరిగితి. ఆ మర్నాడు గదా ఇచ్చింది!"

"నా ఎద్దులు నాది ఏయకుండా నీది ఏస్తాయా?"

"నేనేమన్నా కాదంటినా? మర్నాడు అని అబద్ధం ఎందుకు చెప్తావంటా!"

సార్ అవ్వ గురించి చెప్పడానికి నోరు తెరిచారు కానీ సందు దొరకలేదు. ఆయన మాట మధ్యలో ఆగిపోవడం నేను మొదటిసారి చూసింది అక్కడే. ఇద్దరూ అలసిపోయాక సార్ మా వెంట వచ్చిన చెన్నప్పన్న వైపు తిరిగారు.

"వాన ఎప్పుడు పడిందప్పా?"

బడి దగ్గర వానకొలత డబ్బా చూసి రాసేది చెన్నప్పన్నే. "ఇరవై తొమ్మిది సందేళ. ఆ నెల్లో పడింది అదొక్కటే అన్నా, మర్చిపోతామా?"

"అయితే ఎద్దులుండేవాళ్లు ముప్పైన ఇత్తినారు. లేనోళ్లు ఆ మర్నాడు. అంటే జూలై ఒకటి." ఆయన కాగితం తీసి చూశారు. "ముప్పై ఒకటి అని రాసిన పేర్లన్నీ ఎద్దులు లేనోళ్లవేనా?"

చెన్నప్పన్న కాలితో మట్టి గెలికాడు.

"నీకు తెలీకనా రాసింది?"

"తెలిసే రాసినా. ముప్పై అని రాస్తే అబద్ధమాయ. ఒకటి జూలై అని రాస్తే వీళ్లకు ఉలవలు రాకపాయ. అందుకే..." అని ఆగి, "వేలితో ఎంచితే ముప్పై అయినంక ముప్పై ఒకటే గదన్నా," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. సార్ కాయ పగలగొట్టి, తినకుండా చేతిలోనే పెట్టుకుని నిలబడ్డారు. ఆయన పొట్టి వాక్యం పట్టుకున్నది ఒక తప్పును కాదు. రెండింటి మధ్య ఇరుక్కున్న ఒక మనిషిని. మా ప్రోగ్రాము సర్దుకునేదై ఉంటే ఎవరికీ తెలియకుండా జూలై ఒకటి అని మార్చేసేది, ఈ ఊరి పేర్లు చప్పుడు లేకుండా జాబితాలోంచి రాలిపోయేవి. తేదీ మటుకు సరైనదే.

"మరి నాకు ఉలవలొస్తాయా, రావా? అది చెప్పు," అంది ఓబుళమ్మ. "పుబ్బ కార్తె దాటితే నువ్వు బంగారం తెచ్చి చల్లినా మొలవదు."

"చూస్తామమ్మా," అన్నారు సార్.

"చూసేదానికి ఈడేముంది? ఎండింది, చూస్తివి. పో."

*

తిరుగు బస్సులో నేను నోరు తెరిచాను. నాకే ఆశ్చర్యం. "సార్, ముప్పై అని కొట్టేద్దాం."

"నువ్వు కొడతావా?"

"కొడతాను."

"ఈ పొద్దు వాళ్ల మేలుకు ఒక దినం జరపతావు. రేపు ఇంకెవురో కీడుకు ఒక దినం జరపతారు. అప్పుడు ఓబుళమ్మ ఏం చూపిస్తాది? ఆ కుండ మీద నమ్మకం పోతే అందరిదీ పోతాది."

"కుండ సంగతి కాదు సార్, ఉలవల సంగతి," అన్నాను. ఆయనకు నేను ఎదురు చెప్పిన మొదటి మాట అది. ఆయన నా వైపు చూసి, పప్పులు నా చేతిలో పోశారు.

మరునాడు జూలై ఒకటి అనే ఎక్కించమన్నారు. నాకు ఎంత కోపం వచ్చిందంటే ఆ పేర్లు నేను కొట్టనన్నాను. ఆయనే కూర్చుని రెండు వేళ్లతో కొట్టారు. ఆ తర్వాత నన్ను వెంటబెట్టుకుని సంఘం ఆఫీసుకు వెళ్లారు.

సంఘం పెద్దాయన మంచివాడే. విషయం వినగానే, "ఒక్క దినమే గదన్నా. ముప్పై అని కొట్టుకుంటే నేనేమన్నా అడిగినానా?" అన్నాడు.

"అడగవు. అదే నా బాధ."

"నియమం నియమమే గదా. జూన్ అంటే జూన్."

"జూన్ చూసి ఇత్తినారా, వాన చూసి ఇత్తినారా?" అని సార్ కుర్చీ లాక్కున్నారు. అవ్వ వచ్చింది. చాట వచ్చింది. కుండ మీద బూడిద వచ్చింది. కండక్టరు కూడా వచ్చాడు. ఒక వానకు ఒక పదును, ఆ పదునులో ఎద్దులున్నవాడు ముందు, లేనివాడు తర్వాత, ఇద్దరిదీ ఒకే విత్తు, ఇద్దరిదీ ఒకే ఎండు అని చెప్పారు. పెద్దాయన వాచీ చూసుకున్నాడు. సార్ మళ్లీ మొదటినుంచి చెప్పారు. ఆ రోజు తేలలేదు. మర్నాడు మళ్లీ వెళ్లారు. ఆపై వారం మళ్లీ. పక్క ఊళ్లకు ఉలవలు పోయాయి. ఈ ఊరికి పోలేదు. చెన్నప్పన్న మా మెట్ల మీద కూర్చుని తల పట్టుకున్నాడు. "ఆయప్ప నీతికి నా ఊరు పస్తుంటాది," అన్నాడు.

నాలుగోసారో ఐదోసారో పెద్దాయన ముందర టిఫిను క్యారియరు తెరిచి ఉంది. సార్ "మా అవ్వ..." అనేసరికి ఆయన రెండు చేతులూ జోడించాడు.

"రాసుకో పో అప్పా! జూన్ వాన పదునులో ఇత్తినోళ్లందరికీ అని రాసుకో! నన్ను అన్నం తిననీ!"

సార్ అక్కడికక్కడే ఆ వాక్యం కాగితం మీద రాయించి సంతకం పెట్టించారు. సెంటరుకు తిరిగొచ్చి ప్రోగ్రాములో నెల చూసే చోట, విత్తిన రోజు ఆ ఊరి జూన్ వాన తర్వాత ఎన్ని రోజుల్లో వస్తుందో చూసేలా మార్చారు. మునుపటికంటే ఒక వరుస తగ్గింది. ఆ సంతోషంలో నాకూ ఫాతిమాకూ మిర్చి బజ్జీలు తెప్పించారు. నేను తినలేదు.

పుబ్బ దాటాక ఊరికి ఉలవలు చేరాయి. మొలిచాయి. గింజ పెద్దగా పట్టలేదు, మేతకు పనికొచ్చాయి. ఓబుళమ్మ ఏమందో చెన్నప్పన్న వచ్చి చెప్పాడు, సార్ వినేలాగానే: "మాటలకు పంట వచ్చేటట్టుంటే ఆయప్పను చేన్లో నిలబెడితే చాలు, బండ్లు బండ్లు పండుతాది."

సార్ పగలబడి నవ్వారు. తర్వాత కొంచెంసేపు కాయలు పగలగొట్టలేదు.

మరుసటి ఏడు వాన మళ్లీ జూన్ నెలాఖరునే పడి, పైరు ఎండిందని, ఆ కాగితం ఉండబట్టి ఆ ఊరికి ఎవరూ అడగకుండానే ఉలవలు ఆగస్టు మొదటి వారంలోనే పోయాయని తర్వాత విన్నాను. అది విన్నా నా కోపం పూర్తిగా పోలేదు. ఆ ఏటి ఉలవలు ఆ ఏటివే కదా. ఒక్క సున్నా. ఆయనతో ఈ వాదన నేను గట్టిగా ఎప్పుడూ పెట్టుకోలేదు. బెంగళూరు వచ్చేశాక బస్సుల్లో, హాస్టల్ గదిలో, నాలో నేనే పెట్టుకున్నాను. ప్రతిసారీ నేనే గెలిచేదాన్ని, ఎందుకంటే ఆయన మాటలు కూడా నేనే చెప్పాలి, అంత పొడుగు నావల్ల కాదు.

*

ఇంతవరకు రాసి, పైనుంచి చదువుకుంటే నాకే "ఇంకా ఉండాదా" అని వినిపించింది. మధ్యాహ్నం ఫాతిమాకు ఫోన్ చేశాను.

"ఆ కాయితం రాసిచ్చినావా?"

"ఇప్పుడే రాస్తాండా. ముప్పై అని."

"ఏ ముప్పై? ఎవురు చెప్పినారు?"

అటువైపు పెన్ను ఆగింది. నా గొంతు నాకే కొత్తగా ఉంది. బెంగళూరు వచ్చాక అలా మాట్లాడి ఎన్నాళ్లయిందో.

"రాత్రి పండుకున్నాడు, పొద్దున లేయలే. ముప్పైయో ఒకటో ఎవురికి తెలుసే? ఒక్క దినానికి ఏమి?"

"ఆఖరున చూసింది ఎవురు? సార్ ఇంటామెను అడిగినావా? మధ్యలో లేసి నీళ్లు తాగినాడేమో. కరెంటు పోతే లేసి తిట్టినాడేమో. ఎన్ని గంటలప్పుడు?"

"ఈ ఎండలో ఇప్పుడు వాళ్లింటికి పోయి ఆయమ్మను ఇవన్నీ అడగల్లా నేను?"

"అడుగు."

ఫాతిమా కాగితం చింపిన చప్పుడు వినిపించింది.

"ఆయప్ప పోయినాడని ఎవురే చెప్పింది," అని ఫోన్ పెట్టేసింది.